చేతి తిమ్మిరి: స్ప్లింటా, ఆపరేషనా?

అర్ధరాత్రి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు మొద్దుబారి మెలకువ వస్తోందా? చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గుతోందా? చాలావరకు అది కార్పల్ టన్నెల్ సమస్యే. మణికట్టు దగ్గర మీడియన్ నరం నలుగుతోందన్నమాట. చిటికెన వేలికి తిమ్మిరి ఉండదు, అదో ఆనవాలు. దారులు రెండు: మణికట్టు వంగకుండా కట్టుకునే పట్టీ, అంటే స్ప్లింట్; లేదా నరం మీద ఒత్తిడి తీసే ఆపరేషన్.

ఖర్చు: స్ప్లింట్ వందల్లో, ఆపరేషన్ వేలల్లో.

శ్రమ: స్ప్లింట్ కనీసం 6 వారాలు, రోజూ రాత్రి. ఎండాకాలం చెమటకి చిరాకేస్తుంది, చాలామంది వారానికే మూలన పడేస్తారు. ఆపరేషన్ సాధారణంగా అరగంట లోపే, చేతి వరకే మత్తు. కుట్లు 2 వారాలు.

రిస్క్: స్ప్లింట్‌తో పెద్దగా హాని లేదు. కానీ నరం దెబ్బతింటుంటే కాలం వృథా. ఆపరేషన్ తర్వాత అరచేతి మొదట్లో నొప్పి, పట్టు తగ్గడం కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి.

తిమ్మిరి వచ్చిపోతుంటే స్ప్లింట్. గర్భిణులకూ అదే, కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. చొక్కా గుండీ పెట్టుకోలేకపోతున్నా, బొటనవేలి కింద కండ గుంటపడినా ఇంకా స్ప్లింట్ అంటూ కూర్చోవద్దు, ఆపరేషనే. ఏ దారైనా షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి.