ప్రవక్తకు పరీక్ష: మాట నెరవేరడమా, బోధ నిలవడమా?

అబద్ధ ప్రవక్తను గుర్తుపట్టడానికి బైబిలు పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండము రెండు పరీక్షలు చెబుతుంది. 18వ అధ్యాయం ప్రకారం, యెహోవా పేరట పలికిన మాట నెరవేరకపోతే అది ఆయన మాట కాదు. 13వ అధ్యాయం ఇంకా లోతుకు వెళుతుంది: సూచకక్రియ (దైవశక్తికి గుర్తుగా చూపే అద్భుతం) నిజంగానే జరిగినా, దాన్ని చూపినవాడు అన్యదేవతల వైపు నడిపిస్తే అతని మాట వినకూడదు.

మొదటి పరీక్ష స్పష్టమైనదే గాని, దానికి కాలం పడుతుంది. బబులోనుకు తరలిపోయిన మందిర ఉపకరణాలు రెండేళ్లలో తిరిగి వస్తాయని హనన్యా అనే ప్రవక్త యెరూషలేము మందిరంలో యాజకుల ఎదుట, ప్రజలందరి ఎదుట ప్రకటించి, బబులోను రాజుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా ప్రవక్త మెడమీద వేసుకున్న కాడిని తీసి విరిచినప్పుడు, విన్నవారికి ఆ మాట ఎంత ఊరటనిచ్చి ఉంటుందో ఊహించవచ్చు. హనన్యా అదే ఏడాది ఏడవ నెలలో చనిపోయాడు; రెండేళ్లు గడిచినా ఉపకరణాలు రాలేదు.

రెండవ పరీక్షకు ఎదురుచూపు అక్కరలేదు. స్వస్థత సభల పోస్టర్లు గోడగోడకూ కనిపించే మన ఊళ్లలో విశ్వాసికి ఎక్కువ అవసరమైనది ఇదేనని నా దృఢమైన నమ్మకం, ఎందుకంటే అబద్ధ క్రీస్తులు సైతం గొప్ప సూచకక్రియలు కనపరుస్తారని ప్రభువే మత్తయి 24:24లో హెచ్చరించాడు. యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని ఆత్మ దేవునిది కాదని యోహాను మొదటి పత్రిక చెప్పేదీ ఈ కోవలోనిదే. బెరయ పట్టణస్థులైతే సాక్షాత్తు అపొస్తలుడైన పౌలు బోధనే ప్రతిదినం లేఖనాలతో సరిచూశారు.