పిల్లలకు ముందు ఏది నేర్పిద్దాం: తరంగమా, భామాకలాపమా?

పాప నాలుగేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోందంటే చుట్టాలు మొదట అడిగేది ఒక్కటే: "పళ్లెం మీద ఎప్పుడు చేస్తుంది?" ఆ ఆశలో తప్పేం లేదు. నారాయణ తీర్థులు కృష్ణుడి మీద రాసిన తరంగమనే పాటకు ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, పాదాలతో దాన్ని జరుపుకుంటూ జతులు వేస్తుంటే హాలంతా చప్పట్లే. లయ మీద పట్టు వస్తుంది, స్టేజీ భయం పోతుంది. పైగా ఒక్కరే చేసేయొచ్చు. రికార్డింగ్ ఉంటే వాద్యబృందం లేకపోయినా నడుస్తుంది. ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

అయినా నన్నడిగితే భామాకలాపమే ముందు.

సిద్ధేంద్ర యోగి పేరుతో వచ్చిన ఈ నృత్యనాటకంలో కృష్ణుడి భార్య సత్యభామ తెర వెనక ఉండగానే తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. తర్వాత "భామనే సత్యభామనే" అంటూ తనను తాను పరిచయం చేసుకునే పాట, ప్రవేశ దరువు. ఆపైన చెలికత్తె మాధవి మొగుడి పేరు చెప్పమంటుంది. పేరు చెప్పడానికి భామకు సిగ్గు, చెప్పకపోతే మాధవి ఊరుకోదు. ఆ కాసేపట్లో సిగ్గు, గర్వం, విసుగు, ప్రేమ అన్నీ ముఖంలోనూ గొంతులోనూ పలకాలి. భాగవతులు, అంటే ఈ నాటకాలాడే కళాకారులు, నోరు విప్పి మాట్లాడతారు. వాచికం, అంటే మాటతో చేసే అభినయం, ఇంత బలంగా ఉండటమే మన కూచిపూడి ప్రత్యేకత. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను జనం నేటికీ చెప్పుకుంటున్నారంటే అందులో ఆ మాట విరుపుకీ వాటా ఉంది.

సోలోని తక్కువ చేయడం లేదు. మగవాళ్ల మేళాలకే పరిమితమైన ఈ కళ ఆడపిల్లలకు అందడంలో సోలో పాత్ర పెద్దది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు ఆ దారి వేశారు. 1963లో వెంపటి చినసత్యం గారు మద్రాసులో అకాడమీ పెట్టాక కూచిపూడి ఊరు దాటి ఎంతో దూరం వెళ్లింది.

కానీ పళ్లేనికి మడమలు, మోకాళ్లు గట్టిపడాలి, తొందరపెడితే దెబ్బలే. మాటకు ఆ ఇబ్బంది లేదు, చిన్నప్పుడే నాలుక తిరుగుతుంది. అమెరికాలో పెరిగే పిల్లలకైతే తెలుగు ఉచ్చారణ కూడా దీంతోనే కుదురుకుంటుంది. కలాపం మొత్తం అక్కర్లేదు. క్లాసులో ఇద్దరు పిల్లలుంటే చాలు, భామ, మాధవి సంవాదం ఒక్కటి నేర్పమని గురువుగారిని అడగండి. రికార్డింగ్ వద్దనీ, మాటలు పిల్లల చేతే చెప్పించమనీ కూడా అడగండి.