సోమవారం అమ్మిన టూరు: ఢిల్లీలో ప్రధానమంత్రుల ఇళ్ళూ, సమాధులూ

ఢిల్లీలో ప్రధానమంత్రుల మ్యూజియంలకు సోమవారం సెలవు. తీన్‌మూర్తి ప్రాంగణంలోని ప్రధానమంత్రి సంగ్రహాలయమైనా, సఫ్దర్‌జంగ్ రోడ్డులో ఇందిరాగాంధీ నివసించిన ఇల్లయినా, మోతీలాల్ నెహ్రూ ప్లేస్‌లోని లాల్ బహదూర్ శాస్త్రి ఇల్లయినా ఆ రోజు గేట్లు తీయరు. ఈ సంగతి కరోల్‌బాగ్‌లో మేము దిగిన లాడ్జి కౌంటరు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న ట్రావెల్ ఏజెంటుకు తెలియకపోవడానికి వీల్లేదు. అతని వృత్తే అది. అయినా "ప్రధానమంత్రుల స్పెషల్ టూరు, అన్నీ ఒకే రోజులో" అని చెప్పి, మనిషికి 1,450 రూపాయల చొప్పున ముగ్గురికి 4,350 రూపాయలు తీసుకుని, సోమవారం ఉదయానికే కారు ఏర్పాటు చేశాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. తరువాత మేము సొంతంగా తిరిగి చూసిన చోట్లు ఎంత సంతృప్తినిచ్చాయో, ఆ సోమవారం అంత కష్టపెట్టింది.

మాతో వచ్చినవారు మా బాబాయి. హుజూరాబాద్ దగ్గర ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి రిటైరయ్యారు. పీవీ నరసింహారావు పెరిగిన వంగర వాళ్ళ ఊరికి ఎంతో దూరం కాదు. ప్రధానమంత్రుల పేర్లే కాదు, ఎవరు ఏ తేదీన ప్రమాణం చేశారో కూడా ఆయన నోటి మీద ఉంటుంది. ఈ ప్రయాణం కోసం ఆయన ఎన్నో ఏళ్ళుగా ఎదురుచూశారు. అటువంటి మనిషితో ఆ రోజు తీన్‌మూర్తి గేటు ముందు కారు ఆపి, "ఇదే, ఫొటో తీసుకోండి" అన్నాడు డ్రైవరు. మూసిన గేటు చూసి బాబాయి ఏమీ అనలేదు. సఫ్దర్‌జంగ్ రోడ్డులోనూ అదే జరిగింది. శాస్త్రిగారి ఇంటి పేరు ఎత్తితే, అది తన జాబితాలోనే లేదన్నాడు. అక్కడి నుంచి మమ్మల్ని ఒక ఎంపోరియానికి తీసుకువెళ్ళి గంటన్నర కూర్చోబెట్టారు. శాలువాలు, తివాచీలు ఒకదాని మీద ఒకటి పరిచి, కొనకపోతే లేవనివ్వని ధోరణిలో మాట్లాడారు. డ్రైవరు బయట నిలబడి సిగరెట్లు కాల్చుకుంటున్నాడు. మేము ఏమైనా కొంటే అతనికి కమీషన్ ముడుతుందని అక్కడి కుర్రవాడే హిందీలో నా భార్యకు చెప్పాడు. చివరికి రాజ్‌ఘాట్ దగ్గర పావుగంట దింపి టూరు ముగిసిందన్నారు. రాజ్‌ఘాట్‌కు ప్రవేశ రుసుమే లేదు.

సాయంత్రం లాడ్జిలో నా భార్య ఆ ఏజెంటును గట్టిగానే నిలదీసింది. మ్యూజియంలు "బయటి నుంచి దర్శనం" అని రశీదు వెనుక చిన్న అక్షరాల్లో రాసి ఉందని అతను చూపించాడు. చాలాసేపు వాదించాక 1,000 రూపాయలు తిరిగి ఇచ్చాడు. లాడ్జివారు తమకు సంబంధం లేదన్నారు. రోజుకు 2,200 రూపాయల గదికి, లిఫ్టు ఉందని ఫోనులో చెప్పి మూడో అంతస్తు మెట్లెక్కించినవారి నుంచి అంతకంటే ఆశించడానికి లేదు. బాబాయి మోకాళ్ళ నొప్పితో మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కుతుంటే నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. మరునాడే గది ఖాళీ చేసి, మెట్రో స్టేషనుకు దగ్గరలో కింది అంతస్తులో 1,800 రూపాయలకు శుభ్రమైన గది తీసుకున్నాము.

మంగళవారం నుంచి మా యాత్ర సరిగా మొదలైంది. లోక్ కల్యాణ్ మార్గ్ స్టేషనులో దిగి ఆటోకు 60 రూపాయలిచ్చి తీన్‌మూర్తికి వెళ్ళాము. లోపలికి వెళ్ళేముందు కూడలిలోని మూడు సైనిక విగ్రహాల దగ్గర ఆగాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో 1918లో హైఫా దగ్గర పోరాడిన మైసూరు, జోధ్‌పూర్, హైదరాబాద్ సంస్థానాల అశ్వికదళాలకు అవి ప్రతీకలు. బ్రిటిష్ సర్వసేనాని కోసం 1930లో పూర్తయిన ఆ భవనంలో నెహ్రూ 1948 నుంచి 1964 మే 27న కన్నుమూసేవరకు నివసించారు. ఆయన పడకగదిని అలాగే ఉంచారు. దానికి కలిపి, ప్రధానులందరి చరిత్రతో విస్తరించిన సంగ్రహాలయాన్ని 2022 ఏప్రిల్ 14న ప్రారంభించారు. మేము వెళ్ళినప్పుడు భారతీయులకు టిక్కెట్టు ఆన్‌లైన్‌లో 100, కౌంటర్లో 110 రూపాయలు ఉండేది. మనిషికి 1,450 రూపాయలు పోసి గేటు మాత్రమే చూసిన మాకు ఆ 100 రూపాయల విలువ బాగా తెలిసివచ్చింది.

కనీసం నాలుగు గంటలు కేటాయించనిదే లోపలికి వెళ్ళవద్దని నా సలహా. పిల్లలు కదిలే బొమ్మల ముందు, ప్రధానులతో ఫొటో తీసుకునే చోట ఎక్కువసేపు ఉంటారు. చదవదలచిన పెద్దలు రాజ్యాంగ రచన భాగం దగ్గర తొందరపడకూడదు. బాబాయి మాత్రం పీవీ విభాగం దగ్గర కుర్చీ వేయించుకున్నంత పని చేశారు. 1991 జూన్ 21న ఆయన ప్రమాణం చేసేనాటికి విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు మించి లేదని, ఆ జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని తాకట్టు పెట్టిందని, రూపాయి విలువను జూలై 1న ఒకసారి, 3న మరొకసారి తగ్గించారని, జూలై 24న బడ్జెట్‌తో పాటు అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం వచ్చిందని పాఠం చెప్పినట్లు చెప్పారు. "అందరూ ఆర్థికమంత్రి పేరే చెబుతారు నాయనా, పరిశ్రమల శాఖ పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు. లైసెన్సులు ఎత్తేసిన సంతకం ఎవరిది మరి?" అన్నారు. పక్కన నిలబడిన ఇద్దరు కళాశాల విద్యార్థినులు, విజయవాడ పిల్లలు, తెలుగు విని ఆగిపోయారు. నంద్యాల ఉపఎన్నికలో పీవీకి ఐదు లక్షలకు పైగా ఆధిక్యం వచ్చిన సంగతి దాకా ఆయన వాళ్ళకు చెబుతూనే ఉన్నారు. సోమవారం పోయిన ఉత్సాహం ఆయనకు అక్కడ తిరిగి వచ్చింది.

ఇందిరాగాంధీ ఇంటికి టిక్కెట్టు లేదు. జనం ఎక్కువ, వరుస ఆగకుండా కదులుతుంది. 1984 అక్టోబరు 31 ఉదయం ఒక టెలివిజన్ ఇంటర్వ్యూ కోసం ఆమె నడిచివెళ్ళిన తోట బాటను స్ఫటికంతో కప్పి ఉంచారు, పడిపోయిన చోట మాత్రం మామూలు గాజు ఉంది. ఆనాటి చీర, చెప్పులు, భుజాన వేసుకున్న సంచి లోపల అద్దాల పెట్టెలో ఉన్నాయి. నా భార్య ఆ చీర ముందు నుంచి వెంటనే వచ్చేసింది. పిల్లలతో వెళ్ళేవారు ఆ గది గురించి ముందే చెప్పి తీసుకువెళ్ళడం మంచిది.

ఇక శాస్త్రిగారి ఇల్లు. ఏజెంటు జాబితాలో లేని ఆ ఇల్లే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది. మేము వెళ్ళిన సమయానికి మరెవరూ లేరు. అక్కడ ఆయన ఫియట్ కారు ఉంది, లేత మీగడ రంగు, 1964 నాటిది. ప్రధానమంత్రి అయ్యాక, కుటుంబం కోరిక మీద కారు కొనాలనుకుంటే ధర 12,000 రూపాయలు. బ్యాంకులో ఉన్నది 7,000. మిగిలిన 5,000 రూపాయలు పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు తీసుకున్నారు. ఆ అప్పు తీరకముందే 1966 జనవరి 11న తాష్కెంట్‌లో మరణించారు; మిగిలినది భార్య లలితాదేవి తన పింఛను నుంచి కట్టారు. ఆ కారు చుట్టూ నిదానంగా తిరిగి, వంగి స్టీరింగు, సీట్లు, వెనుక అద్దం ఒక్కొక్కటే చూశాను. ఇప్పుడు మన మండలస్థాయి నాయకుడి వాహనం పక్కన అది నిలబడదు. బాబాయి అక్కడ 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర జరిగిన రైలు ప్రమాదం గుర్తుచేశారు. దాదాపు 112 మంది చనిపోయిన ఆ ప్రమాదానికి బాధ్యత వహిస్తూ రైల్వేమంత్రిగా శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు ప్రమాదం జరిగాక పట్టుబట్టి పదవి వదిలారు. మన నేల మీద జరిగిన సంగతి మన పిల్లలకు తెలియదని ఆయన బాధ.

సమాధులకు మేము మరో ఉదయం ఢిల్లీ గేట్ మెట్రో నుంచి ఆటోలో 50 రూపాయలకు చేరుకున్నాము. నెహ్రూ శాంతివనం, శాస్త్రి విజయ్‌ఘాట్, ఇందిర శక్తిస్థల్, రాజీవ్ వీర్‌భూమి, చరణ్‌సింగ్ కిసాన్‌ఘాట్ అన్నీ యమున వైపున్న ఒకే దారిలో ఉంటాయి, కానీ నడిచి అన్నీ చూడడం పెద్దలకు సాధ్యం కాదు. ఆటోను మూడు గంటలకు 500 రూపాయలకు మాట్లాడుకున్నాము. ఆ డ్రైవరు ఒక్క దుకాణం పేరు కూడా ఎత్తలేదు, దిగేటప్పుడు బాబాయి చేయి కూడా పట్టుకున్నాడు. శక్తిస్థల్‌లోని పెద్ద ఏకశిల చూడదగ్గది. కిసాన్‌ఘాట్ దగ్గర జనం లేరు. 1979లో రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయమన్న చరణ్‌సింగ్, ప్రధానిగా ఒక్కరోజు కూడా పార్లమెంటును ఎదుర్కోకుండానే పదవి దిగవలసివచ్చింది.

పీవీ గురించి అడిగితే మా ఆటో డ్రైవరుకు తెలియలేదు. 2004 డిసెంబరులో ఢిల్లీలో మరణించిన ఆయనకు అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగాయి. ఢిల్లీలో ఆయన పేర స్మారకం 2015లో గానీ రాలేదు. జాతీయ నాయకుల స్మారకాలున్న ఏకతాస్థల్ వైపు అడుగుతూ వెళ్ళి దాన్ని చూశాము. 2024లో భారతరత్న ఇచ్చారు, సంతోషమే. కానీ ఐదేళ్ళు దేశాన్ని నడిపిన తెలుగు ప్రధాని స్మారకానికి దారి చెప్పే మనిషి ఢిల్లీలో దొరకకపోవడం నాకు చాలా కష్టమనిపించింది. మనవాళ్ళు రాజ్‌ఘాట్ దాకా వెళుతున్నారు. ఇంకొంచెం ముందుకు వెళ్ళి ఇక్కడా ఒక్క పదినిమిషాలు ఆగాలని నా విన్నపం.

మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ క్యాంటీన్‌లో పప్పు, గోంగూర, పెరుగుతో కడుపునిండా భోంచేశాము. మారు వడ్డిస్తుంటే బాబాయి మొరార్జీ దేశాయ్ సమాధి అభయ్‌ఘాట్ అహ్మదాబాద్‌లో ఉందని, సబర్మతి ఆశ్రమం పక్కనే కనుక రెండూ ఒకే పూటలో చూడవచ్చని చెప్పారు. డిసెంబరులో వెళ్ళడానికి ఒప్పుకున్నాము. బండి, గది, ఏ రోజు ఏది తెరిచి ఉంటుందో అన్నీ తానే కనుక్కుంటానని, మధ్యలో ఏజెంటు ఉండకూడదని నా భార్య చెప్పింది.