ఇంపెల్లా సీపీ: పంప్‌కి మంచి మార్కులే, తంటా అంతా తొడ దగ్గర

గుండెపోటుతో షాక్‌లోకి (గుండె సరిపడా రక్తం పంపలేని స్థితిలోకి) జారిన రోగికి ఏళ్ల తరబడి అలవాటుగా పెట్టింది బెలూన్ పంప్. 2012లో వచ్చిన ఐఏబీపీ-షాక్ 2 ట్రయల్ 600 మందిని చూసి, 30 రోజుల మరణాల్లో దానివల్ల తేడా లేదని తేల్చింది. తొడ ధమని గుండా గుండెలోకి ఎక్కించే చిన్న పంప్ ఇంపెల్లా సీపీ పనితీరే వేరు. ఎడమ జఠరికలోంచి రక్తాన్ని తానే లాగి బృహద్ధమనిలోకి పోస్తుంది. పంప్ మందం 14 ఫ్రెంచ్ (ఒక ఫ్రెంచ్ అంటే మి.మీ.లో మూడో వంతు), వెనకున్న గొట్టం, అంటే కాథెటర్, 9 ఫ్రెంచ్. వేగాన్ని పీ-లెవెల్స్‌లో పెడతారు, పీ-9లో నిమిషానికి 46,000 చుట్లు తిరుగుతుంది. ప్రవాహం నిమిషానికి 4 లీటర్లు దాటుతుందనే మాట గరిష్ఠానికే వర్తిస్తుంది. జఠరికకీ బృహద్ధమనికీ మధ్య పీడనాల తేడా పెరిగితే ప్రవాహం పడిపోతుంది.

అసలు పరీక్ష పొజిషన్ దగ్గర. ఎకోలో చూస్తే ఇన్‌లెట్ (రక్తాన్ని లాగే రంధ్రం) అయోర్టిక్ వాల్వ్‌కి (జఠరికకీ బృహద్ధమనికీ మధ్య కవాటం) 3.5 సెం.మీ. కింద ఉండాలి. లోతుకి పోతే మైట్రల్ వాల్వ్ తీగలకు తగులుతుంది, పంప్‌కి రక్తం సరిగా అందట్లేదని చెప్పే సక్షన్ అలారాలు మొదలవుతాయి, ఎర్రకణాలు చితికి మూత్రం కోలా రంగుకి మారుతుంది. మోటార్ కరెంట్ గీత ఎగిసి పడుతూ ఉండాలి. చదునుగా మారిందంటే ఇన్‌లెట్, అవుట్‌లెట్ రెండూ వాల్వ్‌కి ఒకే వైపు చేరాయని అనుమానించాలి. పీ-2కి తగ్గించి, ఎకో చూస్తూ సర్దాలి. గుండె గోడకు చిల్లు పడే ప్రమాదం గురించి 2024లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా, కాబట్టి గుడ్డిగా ముందుకి తోయకూడదు.

సక్షన్ అలారం మోగగానే సెలైన్ వదిలేస్తారు చాలామంది. ముందు ఒకటి రెండు పీ-లెవెల్స్ తగ్గించి, ఆ తర్వాత కారణం వెతకాలి: రక్త పరిమాణం తక్కువా, పొజిషన్ జరిగిందా, కుడి జఠరిక చతికిలబడిందా? మూడోదైతే సెలైన్ హాని చేస్తుంది.

పర్జ్ ద్రవం మోటార్‌లోకి రక్తం రాకుండా కాపలా కాస్తుంది. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో మి.లీ.కి 25 లేదా 50 యూనిట్ల హెపారిన్ కలుపుతారు, సెలైన్ పనికిరాదు. పీడనం 300–1100 మి.మీ. పాదరసం, ప్రవాహం గంటకు 2–30 మి.లీ. మధ్య ఉండాలి. పీడనం పెరిగితే ట్యూబ్ మెలిక చూడాలి, పడిపోతే వదులైన జాయింట్ వెతకాలి. ఈ హెపారిన్‌నీ మొత్తం మోతాదులో లెక్కేయాలి, లేకపోతే రాత్రికి ఏసీటీ (రక్తం గడ్డకట్టే సమయం) ఎందుకు పెరిగిందో ఎవరికీ అంతుపట్టదు. హెపారిన్ పడనివాళ్లకి డెక్స్‌ట్రోజ్‌లో లీటరుకి 25 మిల్లీ ఈక్వివలెంట్ల బైకార్బొనేట్ కలిపి నడపొచ్చు.

ఫలితాల మాటకొస్తే, 2024 డేంజర్ షాక్ ట్రయల్‌లో 180 రోజుల మరణాలు 58.5 నుంచి 45.8 శాతానికి దిగాయి. చిన్న లాభం కాదు. అయితే అందులో చేర్చినవాళ్లు స్టెమీ (గుండె ధమని పూర్తిగా మూసుకుపోయే తీవ్ర గుండెపోటు) షాక్ రోగులే, కార్డియాక్ అరెస్ట్ తర్వాత కోమాలో ఉన్నవాళ్లని తీసుకోలేదు. ఖరీదూ కనబడింది: కాలికి రక్తం అందకపోవడం 1.1 నుంచి 5.6 శాతానికి, ఓ మోస్తరు నుంచి తీవ్ర రక్తస్రావం 11.9 నుంచి 21.8 శాతానికి పెరిగాయి. అందుకే గంటగంటకీ పాదం నాడి డాప్లర్‌తో (రక్త ప్రవాహం వినిపించే పరికరంతో) చూసే సిబ్బంది లేని ఐసీయూకి ఈ పంప్ దండగ. మెకానికల్ అయోర్టిక్ వాల్వ్, జఠరికలో గడ్డ, తొడ ధమనుల్లో తీవ్ర ఇరుకు ఉంటే ఆలోచించనే కూడదు.

తీసేటప్పుడు మెల్లగా పీ-2 దాకా దించి రక్తపోటు నిలుస్తుందా చూడాలి. జఠరికలో ఉండగా పీ-0 (పూర్తిగా ఆపడం) పెడితే రక్తం కాన్యులా (పంప్ గొట్టం) గుండా వెనక్కి కారుతుంది. బృహద్ధమనిలోకి లాగాకే ఆపాలి.