మూడేళ్లు వాడాక చెప్తున్నా: సాఫ్ట్‌వేర్ మంచిదే, లైనక్స్‌లోనే ఫొటోలు మాయం

చీమకుర్తిలో మాది చిన్న గ్రానైట్ స్లాబుల యార్డు. స్టాకు, కొటేషన్లు, బిల్లులు అన్నీ మూడేళ్ల నుంచి ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే, పేరు ఎందుకులే, వాళ్లని బజార్న పడేయాలని రాయట్లా. విండోస్ మీద ఉన్నన్నాళ్లూ ఒక్కరోజు సతాయించలా. లాట్ నంబర్ కొడితే ఫొటోతో సహా కొటేషన్ వచ్చేది, మా గెలాక్సీ రకం గ్రానైట్‌కి ఫొటోనే ప్రాణం, చుక్క ఎట్టా ఉందో చూడకుండా ఎవుడూ రేటు మాట్లాడడు.

2025 అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా, మా సిస్టం పాతది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్పు లేదంట, విండోస్ 11 ఎక్కనంది. కొత్తది దండగని మా అక్క కొడుకు విండోస్ బదులు లైనక్స్ మింట్ ఎక్కించాడు. ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లకి లైనక్స్ వెర్షన్ కూడా ఉంది, డేటా మొత్తం కాపీ చేసుకున్నాం, అయిపోయిందిలే అనుకుంటే తెల్లారి కొటేషన్ తీసేసరికి సగం స్లాబులకి ఫొటో ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా.

ఆ కంపెనీకి ఫోన్ చేస్తే "సార్, విండోస్‌లో చూశాం, మ్యాక్‌లో చూశాం, బానే వస్తున్నాయి, మీ ఫైళ్లే పాడైనట్టున్నాయి" అన్నారు. పాడవడమేంది, అదే ఫొటోని డబుల్ క్లిక్ చేస్తే శుభ్రంగా తెరుచుకుంటా ఉంటే! రెండుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాం, పర్మిషన్లు మార్చాం, పదకొండు రోజులు పోయినయ్. పార్టీలకి వాట్సాప్‌లో ఒక్కో ఫొటో విడిగా పంపుకున్నా.

దొరికింది నాకే, గొప్పలు కాదు. ఫోన్‌తో తీసినవి వస్తున్నాయి, పాత డిజిటల్ కెమెరావే రావట్లా. మావోడికి చెప్తే ఫోల్డర్ తెరిచి పేర్ల చివర చూపించాడు, ఫోన్‌వి చిన్నక్షరాల జేపీజీ (.jpg), కెమెరావి పెద్దక్షరాల జేపీజీ (.JPG). లాట్ నంబర్ పేరుగా పెట్టేది నేనే గానీ విండోస్ ఆ చివరి ముక్క మామూలుగా దాచేస్తది, నేను ఎప్పుడూ చూసిందే లేదు. సాఫ్ట్‌వేరేమో అన్నిటికీ చిన్నక్షరాలే తగిలించి వెతుకుతుంది. "విండోస్‌కి రెండూ ఒకటే మామా, మ్యాక్‌కి కూడా మామూలు సెట్టింగ్‌లో అంతే, లైనక్స్‌కి మాత్రం అవి వేరే వేరే ఫైళ్లు" అన్నాడు. అందుకే వాళ్ల దగ్గర ఎన్నిసార్లు చూసినా ఈ తప్పు బయటపడలా. (తెలుగులో ఈ పెద్దా చిన్నా గొడవే లేదు, హాయి.)

ఒక్క ఫైల్ పేరు మార్చి చూస్తే టక్కున ఫొటో వచ్చింది. మిగతావి బ్యాకప్ తీసుకుని ఒక కమాండ్‌తో మార్చేశాడు. స్క్రీన్‌షాట్లు పంపితే ఆ తర్వాత రెండో అప్‌డేట్‌లో సరిచేశారు, నోట్‌లో "చిన్న చిన్న మార్పులు" అని రాసుకున్నారు, మాకు కనీసం ఒక మెసేజ్ లేదు.

అయిదుకి నాలుగు ఇస్తున్నా. స్టార్ కోసింది బగ్‌కి కాదు, అవి అందరికీ వస్తయ్, ఆ "మీ ఫైళ్లే పాడైనట్టున్నాయి" అన్న మాటకి. అప్‌డేట్ వచ్చినా మావోడి కమాండ్ నేను తీసెయ్యలా, కెమెరా కార్డు దించిన ప్రతిసారీ ముందు అది నడిపాకే సాఫ్ట్‌వేర్ తెరుస్తున్నా.