సున్నిపిండా, సబ్బా?

ఖర్చు: పెసలు, శనగపప్పు, కాసిని బియ్యం, కస్తూరి పసుపు కలిపి మర ఆడిస్తే ఇంటిల్లిపాదికీ చాలా రోజులు వస్తుంది. సబ్బు నెలనెలా కొనాల్సిందే.

శ్రమ: సబ్బే తేలిక.

ఇబ్బంది: మామూలు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9-10 ఉంటుంది, చర్మానిది 5.5 దగ్గర, అందుకే చలికాలంలో సబ్బు ఎక్కువ వాడితే కాళ్లు తెల్లగా పొలుసులు కడతాయి. సున్నిపిండి చర్మాన్ని అంతగా పొడిబార్చదు, కానీ మన కోనసీమ వానలకి తేమ తగిలిందంటే బూజు, పురుగు ఖాయం, కాబట్టి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి తడి చెయ్యి తగలనివ్వకండి, ముతకగా ఉంటే జల్లించండి, మొటిమల మీద మాత్రం అస్సలు రుద్దొద్దు.

వరిచేలోనో చేపల చెరువు దగ్గరో పనిచేసి వస్తే సబ్బు, అన్నం ముందు చేతులకీ సబ్బే. పొడి చర్మానికి, ఆదివారం నువ్వుల నూనె పట్టించుకున్నాక సున్నిపిండి.