నిమిషానికి 150 లీటర్లని పెట్టె మీద రాసిన చవక కంప్రెసర్లతో జాగ్రత్త: ఎడారిలోకి కారు తీసుకెళ్లేవారికి నా అనుభవం

షార్జాలో శుక్రవారం కూడా సెలవు కావడంతో, అక్టోబరులో ఎండ కాస్త తగ్గగానే మ్లీహా వైపు ఇసుక దిబ్బల్లోకి కారు తీసుకెళ్లడం నాకు, నాకు తెలిసిన నాలుగైదు తెలుగు కుటుంబాలకు అలవాటైంది. ఈ సీజను మొదట్లో నేను ఆన్‌లైన్‌లో 129 దిర్హములు పెట్టి టైర్లకు గాలి ఎక్కించే ఒక కంప్రెసర్ కొన్నాను. దానివల్ల జరిగింది డబ్బు నష్టం మాత్రమే అయితే ఇంత రాసేవాడిని కాను. గాలి నిండకపోయినా నిండిందని చూపించే మిషను అది. ఆ మాట నమ్మి హైవే ఎక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. అదే వస్తువు రకరకాల పేర్లతో తిరుగుతోంది కాబట్టి పేరు కంటే దాని లక్షణాలు తెలుసుకోవడమే మీకు ఎక్కువ ఉపయోగం.

కొత్తవారి కోసం ఒక్క మాట. తారురోడ్డు మీద 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉండే టైరును ఇసుకలోకి దిగేముందు 15 వరకు దించుతాం. గాలి తగ్గితే టైరు నేలను ఆనే భాగం పొడవుగా సాగి, బండి బరువు ఎక్కువ ఇసుక మీద పరుచుకుంటుంది. అప్పుడు చక్రం ఇసుకను తవ్వుకుంటూ కిందికి పోకుండా పైన తేలుతుంది. గాలి దించడం ఎవరికైనా చేతనవుతుంది. తిరిగి రోడ్డెక్కేముందు దాన్ని మళ్లీ 35కు తీసుకురావడమే అసలు పని, అందుకే కంప్రెసర్ కావాలి.

ఆ రోజు మేము రెండు బండ్లలో వెళ్లాం. నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పజెరో, టైరు కొలత 265/65ఆర్17. సాయంత్రం నాలుగున్నరకు ఫాసిల్ రాక్ అనే కొండ దగ్గరి ఇసుకలోంచి బయటపడి గట్టినేల మీద ఆగాం. వేడి ఇంకా నలభై డిగ్రీలకు దగ్గరగా ఉంది. సిగరెట్ లైటర్ సాకెట్‌లో ప్లగ్గు పెట్టి, ఇంజను నడుస్తుండగానే కుడి ముందు టైరుకు గొట్టం తగిలించాను. మోత మాత్రం పిండిమర పక్కింట్లో ఉన్నట్టే ఉంది. తొమ్మిది నిమిషాల తర్వాత మిషను మీది ముల్లు 35 చూపించింది. సంతోషించి రెండో టైరుకు వెళ్లాను. అక్కడ నాలుగో నిమిషంలో కాలిన వాసన వచ్చి మిషను ఆగిపోయింది. గొట్టం చివరి ఇత్తడి భాగం పట్టుకోబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. అరగంట చల్లారనిచ్చి మళ్లీ వేస్తే రెండు నిమిషాలు నడిచింది, తర్వాత సాకెట్ ఫ్యూజు పోయింది. సాకెట్ పనిచేయకపోవడంతో ఫోన్ ఛార్జింగ్ కూడా ఆగిపోయింది. ఫ్యూజు మార్చాక సాకెట్ పనిచేసింది కానీ మిషను మాత్రం మళ్లీ లేవలేదు.

రెండో బండిలో వచ్చిన మిత్రుడు కాకినాడవాడు, ఈ దిబ్బల్లో పదేళ్లుగా తిరుగుతున్నాడు. ఆయన చేసిన మొదటి పని తన కంప్రెసర్ తీయడం కాదు. జేబులోంచి చిన్న చేతి గేజి తీసి, నేను పూర్తయిందనుకున్న మొదటి టైరుకు పెట్టాడు. ‘‘అన్నా, ఇది 26 దగ్గరే ఉంది. ఆ మిషను ముల్లు నమ్మి రోడ్డెక్కితే టైరు చేతికొస్తుంది’’ అన్నాడు. నమ్మలేక నా మిషను గొట్టాన్ని మళ్లీ ఆ టైరుకే తగిలించి చూశాను. ఆగిపోయి ఉన్నప్పుడు దాని ముల్లు 31 మీద నిలబడింది. అంటే తప్పు ఒకటి కాదు, రెండు. మిషనుకు బిగించిన గేజి గొట్టానికి పంపు ఉన్న కొసన ఉంటుంది కాబట్టి, గాలి తోస్తున్నంతసేపూ టైరులో ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. ఇది మంచి మిషన్లలోనూ ఉండే సంగతే, అందుకే ఆపి చూడాలంటారు. ఆపాక కూడా ఐదు పీఎస్‌ఐ ఎక్కువ చూపించడం మాత్రం ఆ గేజి నాసిరకం కావడం వల్ల.

26 పీఎస్‌ఐతో ఇంటికి చేరలేమా అని కొందరు అడిగారు. నెమ్మదిగా దగ్గరి పెట్రోల్ బంకు దాకా వెళ్లడం వేరు, నలుగురు మనుషులు, సామాను, స్పేర్ టైరు బరువుతో ఇక్కడి హైవే మీద గంటకు 120 కిలోమీటర్ల వేగంతో అరగంటపైగా పోవడం వేరు. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టులోనూ వంగి లేస్తూ ఉంటుంది, ఆ వంపు వేడిగా మారుతుంది, కింద కాలుతున్న తారురోడ్డు వేడి దానికి తోడవుతుంది. చివరికి లోపలి పొరలు విడిపోయి టైరు పేలుతుంది. పైగా అప్పటికి టైర్లు వేడిగా ఉన్నాయి కాబట్టి ఆ 26 కూడా నిజమైన 26 కాదు. డ్రైవరు తలుపు స్తంభం మీద అతికించిన కాగితంలో ఉండే అంకె చల్లని టైరుకు సంబంధించినది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే దాదాపు ఒకటిన్నర నుంచి రెండు పీఎస్‌ఐ పెరుగుతుంది. మరుసటి ఉదయం చల్లారాక కొలిస్తే అది ఇంకా కిందికి దిగి ఉండేది.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘నిమిషానికి 150 లీటర్లు’ అని ఉంది. ఇంటికొచ్చాక కాగితం మీద లెక్క వేసుకున్నాను. నా టైరు కొలతను బట్టి దాని లోపలి ఖాళీ సుమారు 65 నుంచి 70 లీటర్లు. 15 నుంచి 26కు ఎక్కడమంటే 11 పీఎస్‌ఐ, అంటే వాతావరణ పీడనంలో నాలుగింట మూడు వంతులు. అంటే బయటి గాలి ఇంచుమించు 50 లీటర్లు లోపలికి వెళ్లింది. దానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. నిమిషానికి ఆరు లీటర్లు కూడా పడలేదు. మాటలు కోటలు దాటినా కాళ్లు గడప దాటలేదనే సామెత ఈ మిషను కోసమే పుట్టినట్టుంది. ఆ 150 అనే అంకె గొట్టం గాలిలో ఊరికే వదిలేసినప్పటి లెక్క అని అమ్మేవారు సర్దిచెప్పుకోవచ్చు. మంచి కంపెనీలు కూడా ఎదురు ఒత్తిడి లేనప్పటి అంకెనే పెద్దగా వేస్తాయి కానీ, 30 పీఎస్‌ఐ దగ్గర ఎంత వస్తుందో కూడా పక్కన రాస్తాయి. ఆ రెండో అంకె లేని పెట్టెను కొనకండి.

ఇంతకంటే సులువైన పరీక్ష ఇంకొకటి ఉంది, దానికి కొనక్కర్లేదు కూడా. మిషనుకు కరెంటు ఎక్కడినుంచి వస్తుందో చూడండి. సిగరెట్ లైటర్ సాకెట్‌కు సాధారణంగా 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటుంది. పన్నెండు వోల్టుల మీద 15 ఆంపియర్లంటే 180 వాట్లు, అంతే. నిజంగా 150 లీటర్ల తరగతికి చెందిన కంప్రెసర్లు 30 ఆంపియర్లు, కొన్ని అంతకంటే ఎక్కువ లాగుతాయి. అందుకే వాటికి నేరుగా బ్యాటరీకి తగిలించే మొసలినోటి క్లిప్పులు, మందమైన తీగ, తీగలోనే ఫ్యూజు ఉంటాయి. సిగరెట్ లైటర్ ప్లగ్గు ఉండి 150 లీటర్లని రాసి ఉంటే ఆ రెండింటిలో ఒకటి అబద్ధం, ప్లగ్గు కళ్లకు కనిపిస్తూనే ఉంది. నేను కొనేటప్పుడు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చిన్న కారు టైరులో నాలుగైదు పీఎస్‌ఐ తగ్గినప్పుడు ఎక్కించుకోవడానికి సాకెట్ మిషన్లు పనికొస్తాయి, వాటిని తప్పుపట్టను. నాలుగు పెద్ద టైర్లను 15 నుంచి 35కు లేపడం వాటి పని కాదు.

ఎంతసేపు ఆపకుండా నడపవచ్చనేది మరో మోసం. పెట్టెలో మడిచిపెట్టిన కాగితం నేను ముందుగా చదవలేదు, ఇది నా తప్పే. అందులో సన్నని అక్షరాలతో, 25 డిగ్రీల వాతావరణంలో పది నిమిషాలు నడిపి ఇరవై నిమిషాలు ఆపాలని ఉంది. అంటే గంటలో మూడో వంతు కాలమే పని. ఎడారి ప్రయాణాల కోసమని ప్రకటించి అమ్మే వస్తువుకు 25 డిగ్రీల లెక్క! ఇక్కడ జనవరి మధ్యాహ్నాల్లో తప్ప ఆ చల్లదనం ఎక్కడిది? తర్వాత మరలు విప్పి చూస్తే, లోహమని ప్రకటించిన సిలిండర్ బయట అల్యూమినియం తొడుగు ఉన్న ప్లాస్టిక్ ముక్క, పిస్టన్ చుట్టూ ఉండే రింగు ఒకవైపు కరిగిపోయి ఉంది.

దానితోపాటు ఉచితంగా నాలుగు ఇత్తడి డిఫ్లేటర్లు ఇచ్చారు. వాల్వుకు బిగిస్తే ముందుగా అమర్చిన ఒత్తిడి దగ్గర తమంతట తామే గాలి ఆపేసే రకం. నాలుగూ 15కు అమర్చాను. మూడు 14, 15, 16 దగ్గర ఆగాయి, ఎడమ వెనక టైరుకు పెట్టింది మాత్రం 8 దాకా వదిలేసింది. ముందే మిత్రుడి గేజితో కొలిచి చూసుకున్నాం కాబట్టి సరిపోయింది. ఎనిమిది మీద దిబ్బ పక్కవాలులో గట్టిగా స్టీరింగు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడివస్తుంది; దాన్ని ఇసుకలో జాకీ పెట్టి మళ్లీ ఎక్కించడం ఎంత నరకమో అనుభవించినవారికి తెలుసు. ఇలాంటివి వాడితే మొదటి రెండు మూడుసార్లు పక్కనే నిలబడి చూడండి, బిగించి టీ తాగడానికి వెళ్లకండి.

అమ్మినవారితో జరిగిన వ్యవహారం క్లుప్తంగా చెబుతాను. మొదట ఫొటోలు అడిగారు, పంపాను. తర్వాత వీడియో అడిగారు, కాలిపోయిన మిషను నడవదు కాబట్టి ఆగిపోయి ఉన్న మిషను వీడియోనే పంపాను. ఆ తర్వాత, ఎడారిలో వాడారు కాబట్టి వారంటీ వర్తించదని జవాబు వచ్చింది. ప్రకటనలో మొదటి ఫొటోలోనే ఆ మిషను ఇసుక దిబ్బ మీద ఉంది. నేను రాసిన రెండు నక్షత్రాల సమీక్ష మూడు రోజుల తర్వాత కనిపించలేదు. మీరు ఏది కొన్నా ప్రకటన మొత్తాన్ని, ముఖ్యంగా అందులోని అంకెలను, కొన్న రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత ఆ పేజీ మారిపోతే మీ చేతిలో ఆధారం ఉంటుంది.

ఏ కంప్రెసర్ కొన్నా, వాపసు గడువు ముగియకముందే ఇంటి పార్కింగులో నిజమైన పరీక్ష పెట్టండి. నాలుగు టైర్లనూ 15కు దించి, ఇంజను నడుస్తుండగా ఒకదాని తర్వాత ఒకటి 35కు ఎక్కించండి, ఫోనులో సమయం చూసుకోండి, ప్రతి టైరునూ మిషను ఆపి వేరే చేతి గేజితో కొలవండి. నాలుగో టైరు కూడా మొదటిదానికి పట్టినంత సమయంలోనే నిండితే ఆ మిషను మీతో ఎడారికి రావచ్చు. మా మిత్రుడి కంప్రెసర్ బ్యాటరీకి తగిలించేది, 400 దిర్హములకు పైగా పెట్టి కొన్నది. ఆ సాయంత్రం నా మూడు టైర్లు, తన నాలుగు టైర్లు ఒక్కొక్కటి మూడు నాలుగు నిమిషాల్లో నింపింది. నా మొదటి టైరును 26 నుంచి పైకి తేవడానికి ఒకటిన్నర నిమిషమే పట్టింది.

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి ఈ సంగతి చెబితే, అక్కడ తనకు కనిపించిన ప్రకటనలోనూ ఇదే ఫొటో ఉందని పంపాడు. ఈ చలికాలం జైసల్మేర్ ఇసుకలోకి తన థార్ జీపు తీసుకెళ్లాలని వాడి ఆలోచన. మారేడుమిల్లి దగ్గరి గుడిస కొండకు పోయే రాళ్లబాటలాంటి చోట్ల ఇంతగా గాలి దించకూడదు, మరీ మెత్తబడితే రాళ్లకు పక్కగోడ కోసుకుపోతుంది. కానీ జైసల్మేర్ వెళ్లేవారికి పైన చెప్పినదంతా వర్తిస్తుంది.

నా డబ్బు ఇంకా రాలేదు. నిన్న రాత్రి చూస్తే అదే కంప్రెసర్ వేరే పేరుతో, ఈసారి ‘నిమిషానికి 180 లీటర్లు’ అనే అంకెతో, 119 దిర్హములకు అమ్మకానికి ఉంది. నారింజరంగు పెట్టె, పైన గుండ్రని గేజి, గొట్టం చివర ఆకుపచ్చ ప్లాస్టిక్ మూత, సిగరెట్ లైటర్ ప్లగ్గు.